టైటిల్ పేజీ వెనకవైపు ఫోటో అడిగారా?

పాత పుస్తకాలు ఆన్‌లైన్ వేలంలో కొనుక్కోవడం మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగితే చాలానే వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఒకేలాంటివి కలిపేసి ఎక్కువమందికి పనికొచ్చేవి తీసుకున్నాను. కొన్నిటికి జవాబు పొడుగైంది, కొన్ని రెండు ముక్కల్లో అయిపోయాయి, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: ఒక విదేశీ వేలం సైట్‌లో బ్రౌన్ గారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు పెట్టారండి. టైటిల్ పేజీ మీద 1903 అని స్పష్టంగా ఉంది, అట్ట కూడా బాగుంది. పాట ఇప్పుడు 60 డాలర్ల దగ్గరుంది, ఇంకా రెండ్రోజులు టైముంది. అంత పాతదానికి ఇది చవకే కదా, పాడేయమంటారా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హన్మకొండ)

జవాబు: ఇప్పుడే వద్దండి. ముందు అమ్మేవాళ్లకి ఒక మెసేజ్ పెట్టండి, టైటిల్ పేజీ వెనకవైపు ఫోటో కావాలని. ఇది చూడకుండా ఏ పాత పుస్తకానికీ పాట పెట్టొద్దని ఈ శీర్షికలో ఎవరడిగినా చెప్తాను, మీ విషయంలో అయితే మరీనూ.

ఎందుకంటే బ్రౌన్ నిఘంటువు మొదట అచ్చయింది 1852లో, మద్రాసులో. 1903లో వచ్చింది సవరించిన రెండో కూర్పు, దాన్ని సవరించినవాళ్లలో కందుకూరి వీరేశలింగం గారు కూడా ఉన్నారు. ఆ 1903 కూర్పునే 1970ల చివర్నుంచి ఢిల్లీలో ఏషియన్ ఎడ్యుకేషనల్ సర్వీసెస్ వాళ్లు యథాతథంగా రీప్రింట్లు వేశారు. పాత పేజీని ఫోటో తీసి ఆఫ్‌సెట్‌లో వేసేది కాబట్టి టైటిల్ పేజీ మీద పాత సంవత్సరం అలాగే ఉండిపోతుంది, కొత్త పబ్లిషర్ పేరూ కొత్త సంవత్సరమూ వెనకవైపు చిన్నక్షరాల్లో ఉంటాయి. అమ్మేవాళ్లందరూ కావాలని దాస్తున్నారని నేను అనను, చాలామందికి తెలుగు ముక్క రాదు, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తే అట్టపెట్టెలో వచ్చిన పుస్తకం, ముందు పేజీలో ఏ అంకె కనపడితే ఆ అంకె కొట్టేసి లిస్టింగ్ పెట్టేస్తారు.

వెనకవైపు ఫోటోతో పాటు ఇంకోటి కూడా అడగండి, లోపలి పేజీ ఏదైనా ఒకటి, పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి దగ్గర్నుంచి తీసిన ఫోటో. సీసపు అక్షరాలు పేర్చి వేసిన అచ్చయితే అక్షరం కాగితంలోకి కొంచెం దిగి ఉంటుంది, పేజీ వెనకపక్క సన్నగా ఉబ్బినట్టు కనపడుతుంది, చేత్తో తడిమితే వేళ్లకి తెలుస్తుంది కూడా. ఆఫ్‌సెట్ రీప్రింట్‌లో కాగితం నున్నగా ఉంటుంది, అక్షరాల అంచులు కొంచెం అలుక్కున్నట్టుంటాయి, పాత కాపీ మీద ఉన్న మచ్చలూ గీతలూ కూడా నల్లగా అచ్చయిపోయి ఉంటాయి. ఈ చివరిది కనపడిందంటే ఇంక అనుమానమే అక్కర్లేదు.

రీప్రింటే అని తేలితే అదేం చెడ్డ పుస్తకం కాదు, రోజూ చేతికిందుండాల్సిన పుస్తకం, కానీ దానికి 60 డాలర్లూ పైన పోస్టేజీ పెట్టక్కర్లేదు. మాట వెతుక్కోడానికే అయితే షికాగో యూనివర్సిటీ వాళ్ల దక్షిణాసియా నిఘంటువుల సైట్‌లో మొత్తం ఉచితంగా ఉంది. నిజంగా 1903దే అయితే మాత్రం పేజీలన్నీ ఉన్నాయో లేదో, చివరి పేజీ నంబరెంతో అడిగి తెలుసుకుని అప్పుడు పాడండి. ఇంకో మాట, కొత్త తోలు అట్ట, బంగారు అక్షరాలు, "1852" అని హెడ్డింగు, కిందెక్కడో "పాత ప్రతి నుంచి రీప్రింట్" అని ఒక్క లైను, ఇలాంటి లిస్టింగ్‌లు కుప్పలుగా ఉన్నాయి. వివరణ చివరిదాకా చదవండి.

ప్రశ్న: సోషల్ మీడియా వేలాల్లో ప్రతిదానికీ "ఫస్ట్ ఎడిషన్, రేర్" అని రాసేస్తున్నారు. మన పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటిలో సంవత్సరమే ఉండదు. మరి ఎలా తెలుసుకోవాలి సార్?
(తెలుగు టీచరు, తెనాలి)

జవాబు: మంచి ప్రశ్న అడిగారు, దీనికి ఎంత చెప్పినా తక్కువే. సంవత్సరం లేకపోయినా పుస్తకంలో వేరే సాక్ష్యాలు బోలెడుంటాయి.

మొట్టమొదట వెల చూడండి. "వెల రూ. 2-8-0" అని మూడు అంకెలుగా రాసి ఉంటే రెండు రూపాయల ఎనిమిదణాలన్నమాట, అంటే 1957 ఏప్రిల్ 1కి ముందు పుస్తకం, ఎందుకంటే ఆ రోజునుంచే మనకి రూపాయికి వంద పైసల లెక్క వచ్చింది. ఆ మార్పు జరిగిన ఏడాదీ ఆ పైన కొన్ని నెలలూ పాత అలవాటు కొద్దీ అణాల్లో వేసినవాళ్లు ఉండొచ్చు, దానికి కొంచెం సందు వదలండి. "నయా పైసలు" అనో "న.పై." అనో ఉంటే 1957 నుంచి 1964 మధ్యది, 1964 జూన్‌లో నయా తీసేసి వట్టి పైసలు చేశారు. నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే.

తర్వాత అడ్రసు. "విజయవాడ-2" అని పాత జోన్ నంబరుందా, ఆరంకెల పిన్ కోడుందా చూడండి, పిన్ కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న, కాబట్టి ఆరంకెలు కనపడితే ఎవరేం చెప్పినా అది 1950ల పుస్తకం కాదు. బెజవాడ అని ఉంటే పాతకాలందే, కానీ కొందరు పబ్లిషర్లు ఆ పేరు చాలాకాలం వదల్లేదు కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకోవద్దు. 13 అంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకిచ్చే అంతర్జాతీయ నంబరు) ఉంటే దాదాపు 2007 నుంచి వేసింది.

కొన్నిటిలో సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది, వికృతి నామ సంవత్సరం అనో ఆనంద నామ సంవత్సరం అనో. ఇవి 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి, వికృతి అంటే 1890-91 కావచ్చు 1950-51 కావచ్చు 2010-11 కూడా కావచ్చు, అమ్మేవాళ్లు ఎప్పుడూ వాటిల్లో పాతదే రాస్తారు. కాగితం, వెల, ప్రెస్సు పేరు కలిపి చూస్తే ఏదో తేలిపోతుంది. సంవత్సరం ఉగాదికి మారుతుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో అచ్చయిన పుస్తకం మీద అంతకుముందు ఏడాది మొదలైన పేరే ఉంటుంది.

ఇంక అసలు చిక్కంతా "ప్రథమ ముద్రణ" అన్న మాట దగ్గరుంది. ప్రథమ ముద్రణ 1950 అని ఒక లైను, దానికింద ఆరవ ముద్రణ 1978 అని ఇంకో లైను ఉంటాయి, ఫోటో తీసేవాళ్లు పై లైను మాత్రమే వచ్చేలా కట్ చేసి పెడతారు. ఇంకోటి, "మా ప్రథమ ముద్రణ". అంటే ఆ పబ్లిషర్ వేయడం మొదటిసారి అని, పుస్తకం రావడం మొదటిసారి అని కాదు. ముందుమాట కింద ఉన్న తేదీ కూడా నమ్మకండి, రచయిత పాత ముందుమాటనే ప్రతి ముద్రణలోనూ వేస్తారు.

ఒక్కోసారి మొదటిది ఏదో తేలినా ఏది ముఖ్యమో అని ఆలోచించాల్సి వస్తుంది. కన్యాశుల్కం 1897లో మొదట అచ్చయింది, కానీ గురజాడ వారు దాన్ని బాగా పెంచి తిరగరాసి 1909లో మళ్లీ వేశారు, ఇవాళ మనం చదివేది, ఆడేది ఆ రెండోదాన్నే. కాబట్టి 1909 ప్రతి ఎవరైనా అమ్ముతూ "రెండో ముద్రణే" అని తేలిగ్గా రాస్తే మీరు తేలిగ్గా తీసుకోకండి, నా దృష్టిలో రెండూ మొదటివే.

వీలైతే మంచి గ్రంథాలయానికెళ్లి పాత ప్రతులు చేత్తో పట్టుకుని చూడండి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమి గ్రంథాలయం, హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, ఇవన్నీ వందేళ్లు దాటినవి. మీది తెనాలి కాబట్టి వేటపాలెం దగ్గరే. ఒక పూట కూర్చుని 1920ల కాగితం, 1950ల కాగితం పక్కపక్కన పెట్టుకుని చూస్తే తర్వాత ఫోటోలో కూడా కన్ను పట్టేస్తుంది.

ప్రశ్న: తెలుగు అని సెర్చ్ కొడితే కొత్త పుస్తకాలే వస్తున్నాయి, పాతవి ఎలా దొరకబుచ్చుకోవాలి?
(బ్యాంకు ఉద్యోగి, కర్నూలు)

జవాబు: తెలుగు అని ఇప్పటి స్పెల్లింగ్‌తో వెతికితే ఇప్పటివే వస్తాయండి. క్యాంప్‌బెల్ దొర 1816లో మద్రాసులో వేసిన వ్యాకరణం పేరులో తెలుగుని డబల్ ఓ లు రెండుసార్లు పెట్టి రాశారు. అంతకు రెండేళ్ల ముందు శ్రీరాంపూర్‌లో విలియం కేరీ వేసిన వ్యాకరణంలో టెలింగానా అని ఉంది. ఇంకా పాతవాటిల్లో జెంటూ అంటారు. ఈ మూడిటితోనూ వేర్వేరుగా వెతకండి. జెంటూ తో మాత్రం జాగ్రత్త, 1776లో లండన్‌లో వచ్చిన జెంటూ లాస్ అనే పుస్తకం తరచుగా ఎదురవుతుంది, అక్కడ ఆ మాటకి హిందువులని అర్థం, బెంగాల్లో తయారైన ధర్మశాస్త్ర సంకలనం అది, మన భాషకి సంబంధం లేదు.

ఊళ్ల పేర్లు పాత ఇంగ్లీషు పద్ధతిలో కొట్టండి, విజగపటం, మసూలిపటం, కోకనాడ, బెజవాడ, నార్తర్న్ సర్కార్స్, కోరమాండల్. మిషనరీ పుస్తకాలు, గెజిటీర్లు, సర్వే రిపోర్టులు ఇలాగే బయటపడతాయి. అలాగే మన లిపి చదవలేనివాళ్లు దాన్ని తమిళం అనో సంస్కృతం అనో కన్నడం అనో, ఏమీ తోచకపోతే "పాత ఇండియన్ పుస్తకం" అనో పెట్టేస్తారు, కాబట్టి ఆ మాటలతో కూడా వెతికి ఫోటోలు ఓపిగ్గా ఒక్కొక్కటే చూడాలి. నిజంగా మంచివి తక్కువ పాటకి దొరికేది ఇక్కడే, ఎందుకంటే తెలుగు అని వెతికే వేరేవాళ్ల కంట ఇవి పడవు. ఇరవై పుస్తకాలు కట్టగట్టి ఒకే లాట్‌గా పెట్టినప్పుడు వీపుల ఫోటో పెద్దది చేసి చదవండి, కాకపోతే బరువుని బట్టి పోస్టేజీ ఎంతవుతుందో ముందే అడగండి.

ఎక్కడ వెతకాలంటే, ఈబే ఎలాగూ ఉంది. చిన్నా పెద్దా వేలం కంపెనీలన్నిటినీ ఒకచోట చూపించే ది సేల్‌రూమ్, ఇన్వాల్యుబుల్, లైవ్ ఆక్షనీర్స్ లాంటివి ఉన్నాయి. మన దేశంలో సాఫ్రన్‌ఆర్ట్, ప్రిన్సెప్స్ లాంటివాళ్లు అప్పుడప్పుడు అరుదైన పుస్తకాలు వేలానికి పెడతారు. వేలం కాకుండా స్థిరమైన ధరకి అమ్మేవి వయాలిబ్రిలో కలిపి వెతకొచ్చు. సెర్చ్‌ని సేవ్ చేసి అలర్ట్ పెట్టుకోండి, రోజూ కూర్చుని వెతికే ఓపిక ఎవరికుంటుంది.

ప్రశ్న: నేను చాలాసార్లు పాడాను కానీ ప్రతిసారీ ఆఖరి పది సెకన్లలో ఎవరో వచ్చి రెండు మూడు డాలర్లు ఎక్కువ పెట్టి ఎగరేసుకుపోతున్నారు. ఏం చెయ్యాలి?
(డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వాళ్లు రెండు మూడు డాలర్లే ఎక్కువ పెట్టారని మీరనుకుంటున్నారు, కానీ అలా కనపడుతుందంతే. ఈబేలో మీరు కొట్టే అంకె మీ గరిష్ఠం, సైట్ దాన్ని బయటపెట్టదు, అవతలివాళ్ల గరిష్ఠం కంటే ఒక మెట్టు పైన ఆగుతుంది. ఉదాహరణకి మీ గరిష్ఠం 120 డాలర్లు, ఇంకొకరిది 85 అనుకోండి, పాట 86 దగ్గర నిలబడుతుంది, 25 నుంచి 100 లోపు మెట్టు ఒక డాలరు కాబట్టి. చివర్లో ఒకాయనొచ్చి 110 కొట్టాడు, అప్పుడు వంద దాటింది కాబట్టి మెట్టు రెండున్నర, పాట 112.50కి వెళ్లి ఆగుతుంది, పుస్తకం మీదే. అదే మీరు 90 పెట్టి ఊరుకుని ఉంటే ఆయనకి 91కే వెళ్లిపోయేది, చూస్తే మీకు ఒక్క డాలరుతో పోయినట్టుంటుంది, ఆయన మనసులో మాత్రం 110 ఉంది.

కాబట్టి పోయాక బాధపడని అంకె ఎంతో ముందే తేల్చుకోండి. సోల్డ్ ఐటమ్స్ అని ఫిల్టర్ ఉంటుంది, దాంట్లో గత 90 రోజుల్లో అలాంటివి నిజంగా ఎంతకి పోయాయో కనపడుతుంది. పుస్తకాల షాపు సైట్లలో ఉన్నవి అడుగుతున్న ధరలు, ఎవరూ కొనకుండా ఏళ్ల తరబడి అలాగే ఉండేవి కూడా ఉంటాయి, వాటిని చూసి లెక్క కట్టొద్దు. అంకె తేలాక చివరి నిమిషంలో ఒకేసారి కొట్టి ఫోను పక్కన పెట్టేయండి. ముందునుంచీ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే మీరూ ఆ అవతలాయనా కలిసి ధర పెంచడమే అవుతుంది, పైగా పంతం వచ్చేస్తుంది, పంతంలో కొన్న పుస్తకం తర్వాత చూసుకోబుద్ధి కాదు. పెద్ద వేలం కంపెనీల లైవ్ సేల్స్‌లో ఈ చివరి సెకన్ల పద్ధతి పనిచెయ్యదు, అక్కడ పాట వస్తున్నంతసేపూ సుత్తి పడదు.

ప్రశ్న: లండన్‌లో ఒక వేలంలో 1796 నాటి పాము బొమ్మ ప్లేటు (పుస్తకంలోంచి విడదీసిన అచ్చుబొమ్మ పేజీ) ఒకటి ఉంది, "విశాఖపట్నం ప్రాంతం" అని రాశారు. అంచనా 300 నుంచి 500 పౌండ్లు. మా ఊరి చరిత్ర కదా అని మనసు లాగుతోంది. అసలుదేనా, మొత్తం ఎంతవుతుంది?
(ఇంజినీరు, విశాఖపట్నం)

జవాబు: మనసు లాగడంలో తప్పులేదు, నాకూ లాగుతుంది. పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ డాక్టరు మీ ఊళ్లో ఉండి కోరమాండల్ తీరంలో పాములని సేకరించి 1796లో లండన్‌లో పెద్ద పుస్తకం వేశారు, 46 ప్లేట్లు. అందులో పాముల పేర్లు ఇక్కడి జనం పిలిచేవే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు, "కాటుక రేకుల పొడ" అని ఒక పేరుంది, అది మన రక్తపింజరే, ఇప్పుడు ఇంగ్లీషులో ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. 1803లో విశాఖ చేపల మీద కూడా రెండు సంపుటాలు వేశారు. ఇదే కాలంలో సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మన చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించారు, అవి 1795 నుంచి 1820 దాకా భాగాలుగా అచ్చయ్యాయి, 300 ప్లేట్లు.

ఇవి విడి ప్లేట్లుగా దొరకడానికి కారణం చెప్పాలి. మొత్తం పుస్తకం కంటే ముక్కలు చేసి అమ్మితే ఎక్కువ డబ్బొస్తుందని కుట్లు విప్పేసినవాళ్లున్నారు, ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. ఎప్పుడో విడిపోయి ఫ్రేముల్లో తిరుగుతున్న ప్లేటు కొనుక్కోండి, దాన్ని ఎవరూ మళ్లీ పుస్తకంలో కుట్టలేరు. కానీ ఒకే అమ్మకందారు దగ్గర ఒకే పుస్తకంలోంచి నంబర్ల వరసన పదీ ఇరవై ప్లేట్లు తాజాగా కనపడుతుంటే నేనైతే పాడను, మీరూ పాడొద్దని నా కోరిక.

అసలుదో కాదో తేల్చుకోడానికి నాలుగు ఫోటోలు అడగండి. ఒకటి, బొమ్మ చుట్టూ రాగిరేకు వత్తిన గుర్తు, కాగితంలోకి దిగిన దీర్ఘచతురస్రపు గీత, అంచులు కత్తిరించి ఉంటే ఇది కనపడకపోవచ్చు. రెండోది లెన్సుతో తీసిన క్లోజప్, రంగుల్లో సన్నటి చుక్కచుక్కలుగా ఉంటే అది ఈ మధ్య వేసిన ఆఫ్‌సెట్ బొమ్మ, చేత్తో వేసిన రంగైతే నీళ్లరంగులా పరుచుకుని అక్కడక్కడ గీత దాటి పోతుంది. మూడోది వెలుతురుకి ఎదురుగా పట్టుకున్న కాగితం. ఇంగ్లండు కాగితం మిల్లులు 1794 నుంచి వాటర్‌మార్క్‌లో సంవత్సరం వెయ్యడం మొదలుపెట్టాయి, మీ ప్లేటులో 1796కి తర్వాతి అంకె కనపడిందంటే అది తర్వాత తీసిన అచ్చు. నాలుగోది వెనకవైపు, మరకలు, అతుకులు, టేపు. రాక్స్‌బర్గ్ అయితే బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైట్‌లో పూర్తి స్కాన్ ఉంది, ప్లేటు నంబరు కొట్టి పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

ఇంక లెక్క. అంచనా 300-500 అంటే రహస్యంగా పెట్టుకునే కనీస ధర మామూలుగా 300కి మించదు. మీరు 400కి పాడుకున్నారనుకోండి. కొనుగోలుదారు కమీషన్ 25 శాతం అయితే 100. మధ్యలో ఉన్న వెబ్‌సైట్ ఫీజు 5 శాతం అయితే 20. ప్యాకింగ్, కొరియర్ ఒక 60 అనుకుందాం, 580 అయింది. కార్డు మీద విదేశీ లావాదేవీ చార్జీ మూడున్నర శాతం దాకా ఉంటుంది, ఇంకో 20. మొత్తం 600 పౌండ్లు, కమీషన్ మీద అక్కడి పన్ను, ఇక్కడి కస్టమ్స్ ఇంకా కలపలేదు. బయటినుంచి వచ్చే అచ్చు పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం సుంకం పెట్టారు, కానీ విడి ప్లేటుకి పుస్తకం రేటే వర్తిస్తుందని అనుకోకండి, కొరియర్ వాళ్లని ముందే అడిగి రాయించుకోండి. ఒక్కో కంపెనీకి ఒక్కో రేటు కాబట్టి షరతుల పేజీ చదివి, మీ జేబులో ఉన్నది 600 అయితే పాట 400 దగ్గర ఆపండి.

ప్రశ్న: అనంతపురం దగ్గర ఒకాయన తాళపత్ర గ్రంథం ఆన్‌లైన్‌లో వేలం వేస్తున్నారు, మా అన్నయ్య అమెరికాలో ఉంటాడు, ఆయనకి కొని పంపొచ్చా?
(ఒక పాఠకురాలు)

జవాబు: పంపకూడదమ్మా. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు దాటిన చేతిరాత ప్రతి పురావస్తువు కిందికి వస్తుంది, కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థలకీ తప్ప వేరెవరికీ దాన్ని దేశం దాటించే హక్కు లేదు. దేశంలోపల అమ్మే వ్యాపారికి కూడా పురావస్తు శాఖ లైసెన్సు ఉండాలి, బొమ్మలున్న ప్రతి అయితే రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. ఆ కాగితాలు చూపించమనండి, చూపించకపోతే అక్కడితో వదిలేయండి. మీ ఇంట్లోనే తాళపత్రాలు ఉంటే అమ్మకానికి పెట్టకుండా ముందు దగ్గర్లో ఉన్న ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వాళ్లకి చూపించండి.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో 1950ల చందమామ బైండు సంపుటాలు వేలానికి పెట్టారు, గెలిచినవాళ్లు వెంటనే మొత్తం డబ్బు యూపీఐలో పంపాలట. నమ్మొచ్చా?
(గృహిణి, విజయవాడ)

జవాబు: గ్రూపుల్లో నిజాయితీగా అమ్మేవాళ్లు ఉన్నారు, అరుదైనవి దొరికేది కూడా ఎక్కువగా అక్కడే. కానీ అక్కడ తేడా వస్తే అడ్డుపడే సైట్ ఏదీ ఉండదు కాబట్టి మీరే చూసుకోవాలి. ఆ రోజు తేదీ వేసిన కాగితం ముక్క పుస్తకం పక్కన పెట్టి, మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పుతూ వీడియో తియ్యమనండి. నిజంగా దగ్గరున్నవాళ్లకి అది ఐదు నిమిషాల పని. ఒప్పుకోకపోతే డబ్బు పంపొద్దు. గ్రూపులో ఇంతకుముందు కొన్నవాళ్లని విడిగా అడగండి, కొత్త నంబర్లు రెండు మూడు వచ్చి వరసపెట్టి పాట పెంచుతుంటే తప్పుకోండి. డబ్బు మీకు తిరిగి పంపుతాం పిన్ కొట్టండి అంటే మాత్రం అది మోసమే, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

చందమామ విషయానికొస్తే, తెలుగులో 1947 జూలైలో మొదలైంది, బైండు చేయించుకోవడం అప్పట్లో ఇళ్లల్లో మామూలు. కానీ బైండరు చాలాసార్లు అట్టలు తీసేసి, అంచులు కోసేసి కుట్టేవాడు, అంచుతో పాటు ఒక్కోసారి బొమ్మల కొసలు కూడా పోయేవి. కథలు చదువుకోడానికైతే ఇబ్బంది లేదు. సేకరణకైతే పన్నెండు నెలల అట్టలూ ఉన్నాయా, సీరియల్ పేజీలు ఎవరైనా చింపుకున్నారా, పిల్లలు బొమ్మలు కత్తిరించారా అని నెలనెలకీ అడిగి రాయించుకోండి. అట్టలున్న విడి సంచికకి, అట్టల్లేని బైండుకి ఒకే ధర పెట్టొద్దు.

ప్రశ్న: గ్రంథాలయం ముద్ర ఉన్న పుస్తకం వేలంలో కొనొచ్చా?
(డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: "తొలగించబడినది" అనో "విత్‌డ్రాన్" అనో ఇంకో ముద్ర ఉంటే కొనొచ్చు తమ్ముడూ. మూసేసిన క్లబ్బుల, స్కూళ్ల లైబ్రరీల నుంచి న్యాయంగా బయటికొచ్చినవి చాలా ఉన్నాయి, ముద్ర ఉంది కాబట్టి ధర కూడా తక్కువుంటుంది. అలాంటిదేమీ లేకుండా వట్టి ముద్ర, అక్సెషన్ నంబరు (గ్రంథాలయం పుస్తకానికిచ్చే వరస నంబరు) మాత్రమే ఉండి ఆ గ్రంథాలయం ఇప్పటికీ నడుస్తుంటే ఆ నంబరు చెప్పి వాళ్లకి ఫోన్ చేసి అడుగు. వాళ్లు మాదే, కనపడట్లేదు అంటే ఆ లిస్టింగ్ వివరం వాళ్లకి ఇచ్చెయ్యి. మన పాత గ్రంథాలయాల్లో వేరే ఎక్కడా మరో ప్రతి లేని పుస్తకాలున్నాయి, అవి ఒకసారి పోతే పోయినట్టే. ముద్ర గీకేసి, దానిమీద కాగితం అతికించి ఉన్న పేజీ ఫోటోలో కనపడితే అడగడం కూడా అనవసరం, వదిలెయ్యి.

ప్రశ్న: పార్శిల్ వచ్చాక ముందు ఏం చూడాలి?
(రిటైర్డ్ లెక్చరర్, రాజమండ్రి)

జవాబు: విప్పుతున్నప్పుడు వీడియో తీయండి సార్, అడ్రసు లేబుల్ దగ్గర మొదలుపెట్టి ఆపకుండా. వెంటనే పేజీలన్నీ ఒకసారి లెక్క చూసుకోండి, బొమ్మలు, మడత మ్యాపులు ముఖ్యంగా, అవే ముందు మాయమవుతాయి. ఆ పుస్తకం స్కాన్ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరికితే పక్కన పెట్టుకుని పేజీ పేజీ పోల్చొచ్చు. లిస్టింగ్‌లో "గుడ్" అని రాసి ఉండి పుస్తకం నలిగినట్టుంటే గొడవకి దిగకండి, పాత పుస్తకాల వ్యాపారంలో గుడ్ అంటే పేజీలన్నీ ఉన్న మామూలు పాత ప్రతి అని, ఫైన్, వెరీ గుడ్ తర్వాతే అది వస్తుంది. చెప్పని లోపం ఉంటే ఈబేలో అయితే డెలివరీ అయిన 30 రోజుల్లోపు కంప్లైంట్ పెట్టాలి. వేలం కంపెనీల్లో గడువు, షరతులు వేరు. లాట్ వివరంలో "విత్ ఆల్ ఫాల్ట్స్" అని ఉంటే లోపాలకి వాళ్ల పూచీ ఉండదు.

తర్వాత ఆ పుస్తకాన్ని తెచ్చి నేరుగా మీ బీరువాలో పెట్టేయకండి. ఓ మూడు నాలుగు వారాలు విడిగా తెల్ల కాగితంలో చుట్టి ఉంచండి, కాగితం మీద సన్నటి పొడి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉందని అర్థం. గోదావరి గాలికి మీ ఊళ్లో తేమ ఎక్కువ కాబట్టి గోడకి ఆనించకుండా అర ముందుకి జరపండి, నెలకోసారి ఆ పుస్తకాలు కిందికి దించి పేజీలు తిప్పండి. చిరిగిన చోట సెల్లో టేపు మాత్రం వెయ్యొద్దు, కొన్నేళ్లకి ఆ జిగురు పసుపు పచ్చగా మారి కాగితంలోకి ఇంకిపోతుంది, ఇంక తియ్యడం చాలా కష్టం.